ఎవరూ ఆర్పని కర్పూరం

"పేరు నీదే కదమ్మా? నీ పేరు గాక నా పేరా ఉండాది దాంట్లో?"

పొద్దున్నుంచి అత్త దొడ్డమ్మ ఈ మాట ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. అడిగిన ప్రతిసారీ ఫోను చిన్నకోడలు రేణు ముఖం దగ్గరికి చాపుతోంది. ఆమెకు అక్షరం ముక్క రాదు. అయినా ఆ ఇంగ్లీషు మెయిలులో రేణు అని ఎక్కడుందో పెద్దకోడలు శశికళ వేలు పెట్టి చూపించింది కాబట్టి, గోటితో సరిగ్గా అక్కడే పొడుస్తోంది.

"నా పేరేలే అత్తా. అయితే పంపింది నేను కాదు. కవరు వెనక ఎవరైనా ఎవరి పేరైనా రాసి డబ్బాలో వేయొచ్చు కదా? ఇదీ అంతే."

"రాసేవాడు మా పేర్లు యాల రాయలేదంట?" పొయ్యి దగ్గర నుంచి శశికళ అందుకుంది. "పెద్దకోడల్ని నేనుండాను. నా పేరు వాడికి దొరకలేదా?"

"నీ పేరుతో మెయిల్ పోదు కదక్కా. కంపెనీ మెయిల్ చూసేది నేను. వాళ్ళకి తెలిసింది నా పేరే."

"అదే చెప్తాండా నేను కూడా. చూసేది నువ్వే కదా."

రేణు పూల వైపు తిరిగింది. వాకిట్లో నిన్న కోసిన గులాబీలు కట్టలు విప్పకుండానే వాడిపోతున్నాయి. పురుషోత్తం బండి వారం నుంచి రావడం లేదు, ఇవాళా రాదు. పెళ్ళిళ్ళ కాలంలో బేరిగైలో గులాబీని దిబ్బ మీద పారబోసుకుంటున్న ఇల్లు ఇదొక్కటే. దారిన పోయేవాళ్ళు ఆగి మరీ చూసి పోతున్నారు.

పురుషోత్తం కృష్ణగిరి పూల వ్యాపారి. ఒకప్పుడు గొర్రెలు కాసిన రేణు మామ ఆంజప్ప గులాబీ తోట పెట్టిన నాటి నుంచి ఈ ఇంటి పూలు కొంటున్న మనిషి. ఆయన కంపెనీకి రేణు పేరుతో, వీళ్ళ ‘అంగాళమ్మ ఫ్లవర్స్’ అడ్రసు నుంచే వచ్చినట్టుగా ఒక మెయిల్ వెళ్ళింది. మా బ్యాంకు మారింది, ఇకమీదట ఈ కొత్త ఖాతాలో వేయండి అని. వాళ్ళు నమ్మి, సీజను సొమ్మంతా అందులో వేశారు. ఆ ఖాతా ఎవడిదో, సొమ్ము ఏ ఊరు దాటిపోయిందో దేవుడికే తెలియాలి. ఆ దేవుడి పేరే కంపెనీకి పెట్టుకున్నారు పాపం.

"నిప్పు లేనిదే పొగ వస్తాదా?" దొడ్డమ్మ ఫోను అరుగు మీద పెట్టింది. "మీ తమ్ముడు శక్తి టాటా ఏస్ తీసుకున్నాడంటనే. మీ వేప్పనపల్లిలో ఊరంతా చెప్పుకుంటా ఉండారు."

రేణు తల ఎత్తింది. "వాడు లోనులో తీసుకున్నాడత్తా. నా పెళ్ళికి ముందు నుంచి ఆ బండి కోసరం తిరగతా ఉండాడు. వాడిని దీంట్లోకి లాగొద్దు."

"నేనెవరినీ లాగలే. ఊరు అనేది చెప్పినాను."

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరకే అన్నారా," అంది శశికళ, పొయ్యిలోకి చూస్తూ.

అప్పుడు రేణు భర్త వైపు చూసింది. చంద్రు తొట్టి దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు. అంత సేపు ఎవరూ ముఖం కడగరు. ఒక్క మాట, ‘నా పెళ్ళాం అట్లాంటిది కాదు’ అనే ఒక్క మాట కోసం ఆమె కాచుకుంది. అతను తువ్వాలు భుజాన వేసుకుని, నీళ్ళు కారుతున్న ముఖంతోనే అన్నాడు:

"సుమ్నే ఉండు రేణు. ఎందుకు మాట పెంచుతావు?"

సుమ్నే. కన్నడం నుంచి వచ్చి ఈ పక్క తెలుగులో కాపురం పెట్టేసిన మాట అది. ఊరికే, ఏమీ చేయకుండా, నోరెత్తకుండా అని అర్థం. చంద్రు నోట రోజుకు ఎన్నిసార్లు వస్తుందో. పెళ్ళయిన కొత్తలో రేణుకు అది ముద్దుగానే వినిపించేది.

*

ఆంజప్ప ఫోన్ మాట్లాడి లోపలికి వచ్చేసరికి వాకిలి అంతా చప్పుడు లేకుండా అయిపోయింది. ఇంటి పెద్ద. మాట తక్కువ. ఆయన వచ్చి అరుగు మీద కూర్చున్నాక గానీ దొడ్డమ్మ కూడా గొంతు ఎత్తలేదు.

"పురుషోత్తమన్న ఈ పొద్దు బేరిగైకి వస్తాండాడు," అన్నాడు. "పోలీసు కంప్లైంటు ఇచ్చినారంట. అది దాని దావన పోతాదంట. మన ఇంటి మీద కేసు వద్దంటాడు. ఒకటే అడిగినాడు."

"ఏమంట?" అంది దొడ్డమ్మ.

"అంగాళమ్మ గుడిలో కర్పూరం ఆర్పాలంట. మన ఇంటి తట్టు నుంచి. ఆర్పితే రేపటి నుంచి బండి మళ్ళా వస్తాది."

దొడ్డమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టింది. శశికళ పొయ్యి వదిలి వాకిట్లోకి వచ్చింది. కర్పూరం ఆర్పడమంటే ఆ పక్క ఊళ్ళలో చిన్న సంగతి కాదు. పళ్ళెంలో కర్పూరం వెలిగించి అమ్మవారి ముందు పెడతారు. నింద మోసిన మనిషి, ఎదుటివాళ్ళు చెప్పమన్న మాట ఉన్నదున్నట్టు పలికి, అరచేత్తో దాన్ని ఆర్పాలి. కోర్టులో ఓడినవాడు మళ్ళీ కోర్టుకు పోవచ్చు గానీ కర్పూరం ఆర్పినవాడిని ఇక ఎవరూ ఏమీ అడగరు. అబద్ధానికి ఆర్పితే అది ఆర్పినవాడికి తగలదు, ఇంట్లో చిన్నబిడ్డకు తగులుతుందంటారు.

"నేను ఆర్పతాను మామా," అంది రేణు, ఎవరూ అడగకముందే. పొద్దున్నుంచి మొదటిసారి ఆమెకు ఊపిరి ఆడింది. ఆ మెయిల్ ఎక్కడి నుంచి వచ్చిందో దాని వెనక రాసి ఉంటుంది, చూడండని ఆ పురుషోత్తానికి ఎంత చెప్పినా, "అదంతా నాకు తెలీదమ్మా, నేను పూలు చూసే మనిషిని" అన్నాడు. ఈ భాష అయితే ఆయనకు తెలుసు. తనకూ ఫరవాలేదు. చేయని తప్పు చేయలేదని చెప్పడానికి భయమెందుకు?

"మధ్యాన్నం మీద పోదాం," అన్నాడు ఆంజప్ప.

చంద్రు తువ్వాలుతో ఇంకా ముఖం తుడుచుకుంటూనే ఉన్నాడు.

*

పూలు ఏరే షెడ్డులో రేణు ఒక్కతే కూర్చుని ఉంది. కొనేవాడు లేకపోయినా మొక్క పూయడం మానదు, కోయకపోతే మొక్క చెడుతుంది. కాబట్టి పొద్దున కోసిన పూలను పొడుగూ పొట్టీ వేరు చేస్తోంది, దిబ్బ మీద వేయడానికే అయినా.

ఆంజప్ప వచ్చి తిరగేసిన క్రేటు మీద కూర్చున్నాడు.

"నువ్వేమో కాపలా పెట్టినానంటివి కదమ్మా. ఇట్లాంటి దొంగ మెయిళ్ళు రాకుండా. పోయిన ఏడాది, నా ఎదురుగానే చెప్పితివి."

రేణు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్ని రోజుల్లో ‘నువ్వు చేసినావా’ అని గాక ‘ఎట్ల జరిగింది’ అని అడిగిన మనిషి ఈయన ఒక్కడే.

"పెట్టినాను మామా."

"అర్థమయ్యేటట్లు చెప్పు."

ఆమె చేతిలోని పువ్వు కింద పెట్టింది. "మూడు పనులు చేసినాను మామా. మన పేరుతో మెయిల్ పంపేకి ఏయే యంత్రాలకు హక్కు ఉండాదో ఒక పట్టీ రాసి, ఎవరైనా చూసుకునేటట్లు పెట్టినాను. దాంట్లో లేని చోటు నుంచి వస్తే అది మనది కాదని."

"మంద మేపేవాళ్ళు ఫలానా ఫలానా అని."

"ఆ. రెండోది, మన కాడి నుంచి పోయే ప్రతి మెయిల్ మీదా ఒక ముద్ర పడతాది. కంటికి కనపడదు. తీసుకునే పక్క యంత్రం దాన్ని చూసి, ఇది వాళ్ళదే, దావలో ఎవరూ మార్చలే అని తెలుసుకుంటాది."

"గొర్రె చెవి గంటు." ఆంజప్ప తన చెవి పట్టుకున్నాడు. ఆ ముఖంలో చాలా రోజుల తర్వాత చిన్న వెలుగు వచ్చింది. "మూడోది?"

"పట్టీలో లేనిదీ, ముద్ర లేనిదీ మన పేరు చెప్పుకుని వచ్చిందనుకో. దాన్ని ఏం చేయాలో ఆ యంత్రానికి మనమే ముందుగా చెప్పి పెట్టాల. లోపలికి వదిలేయమనొచ్చు, పక్కన కట్టేయమనొచ్చు, లేకుంటే వెనక్కి తరిమేయమనొచ్చు."

"దొడ్డి వాకిలికాడ ఉండేవాడికి చెప్పే మాట."

"అదే మామా."

"నువ్వేం చెప్పినావు వాడికి?"

"తరిమేయమని చెప్పినాను."

గొర్రెలు అమ్మేసి ఇన్నేళ్ళయినా, ఆలోచించేటప్పుడు చేతి కర్రతో నేల మీద గీతలు గీయడం ఆయన మానలేదు.

"పట్టీ ఉండాది. గంటు ఉండాది. తరిమేయమని చెప్పినావు. మరి ఎట్ల దూరె?"

రేణు కింద పెట్టిన పువ్వు మళ్ళీ చేతికి తీసుకుంది.

"తరిమేయమని నువ్వు చెప్పనన్నా చెప్పి ఉండవు. లేకుంటే నీ తర్వాత ఎవరో వచ్చి ఇంకో మాట చెప్పినారు. నడిమధ్య ఇంకొకటి నాకు తోచలేదమ్మా." ఆయన లేచాడు. "నాకు తెలిసింది గొర్రెలే. తప్పుగా అంటే ఏమనుకోవద్దు."

ఆయన వెళ్ళిపోయాక రేణు ఫోను తీసింది. ఇన్నాళ్ళూ మెయిల్ పెట్టె, దొంగ మెయిల్, బ్యాంకు, పోలీసులు, వీటి వెంట పరిగెత్తిందే గానీ, తాను వేసిన తాళం వేసినట్టే ఉందా అని మాత్రం చూడలేదు. దగ్గరుండి వేయించింది కదా అని. ఆ మూడో మాటను ఎవరైనా చూడొచ్చు, దాచేది కాదు. తమ కంపెనీ పేరు కొట్టి చూసింది.

రిజెక్ట్ అని ఉండాల్సిన చోట ‘నన్’ అని ఉంది. ఏమీ చేయొద్దు అని.

ఆమె రెండోసారి కొట్టింది. మళ్ళీ అదే. ఆ తాళంచెవి ఉన్నది హోసూరులో కంప్యూటర్ అంగడి నడిపే ప్రజ్వల్ దగ్గర. అతనికే ఫోన్ చేసింది.

"అదా అక్కా? అన్న మార్చమన్నాడు కదా," అన్నాడు ప్రజ్వల్, ఏమీ ఎరగనట్టే.

"ఏ అన్న?"

"చంద్రన్న. ముహూర్తాల ముందర ధరల మెయిల్ ఒకటి, ఏదో చవక కంపెనీ ద్వారా అందరికీ ఒకేసారి పంపినాడంట. ఒక్కటీ పోలేదంట, అన్నీ తిరిగొచ్చేసినాయంట. కోపం చేసుకుని, ఆ కాపలా అంతా తీసిపారేయ్ అన్నాడు. పూర్తిగా తీసేది వద్దన్నా, సుమ్నే పెడతానంటిని. వచ్చేది వస్తాది, పోయేది పోతాది, అది మాత్రం సుమ్నే చూస్తా ఉంటాది. సరే అన్నాడు." కాస్త ఆగి, "నీకు చెప్పినానన్నాడే అక్కా?" అన్నాడు.

రేణు గోడకు ఆనుకుంది. ఆ ధరల మెయిల్ గొడవ ఆమెకు బాగా గుర్తుంది. "నువ్వు పెట్టిన తాళం నాకే అడ్డం వస్తాండాది" అని చంద్రు అరిచాడు. "రేపటి దాకా ఆగు, ఆ కంపెనీని కూడా మన పట్టీలో చేరుస్తాను, అప్పుడు పోతాది" అని ఆమె బతిమాలింది. మర్నాడు అడిగితే ‘అవసరం లేదులే, సర్దుకుంది’ అన్నాడు. పోనీలే, ఒక్కసారైనా నా మాట విన్నాడని మురిసిపోయింది. ఆ మురిపెంలో అతనికి ఇష్టమని రాగిముద్దలోకి కోడికూర కూడా చేసింది. ఎంత పిచ్చిది!

"ప్రజ్వల్, ఇప్పుడే మళ్ళా రిజెక్ట్ పెట్టు."

"పెడతానక్కా." అతను నీళ్ళు నమిలాడు. "అన్నను ఒక్క మాట అడిగి పెట్టేస్తా. తప్పుగా అనుకోవద్దక్కా. ఇంకోటి, ఈ రచ్చలో నా అంగడి పేరు రాకుండా చూడు."

*

మధ్యాహ్నం చంద్రుకు ఆమే వడ్డించింది. శశికళ స్నానానికి వెళ్ళింది, అత్త పూజ సామాను సర్దుతోంది. వంటింట్లో వాళ్ళిద్దరే.

అరిచి అడిగేయొచ్చు. అడిగితే ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు. తన మీది నింద మొగుడి మీదికి తోస్తోందంటారు. ప్రజ్వల్ నాకేం తెలీదంటాడు. కానీ అది కాదు ఆమెను ఆపింది. అతనంతట అతను చెప్పాలని ఉంది. చెబితే క్షమించేస్తుంది కూడా, ఆ సంగతీ ఆమెకు తెలుసు. తప్పు ఎవరు చేయరు? అతను తలుపు తీశాడే గానీ దొంగను పిలవలేదు. ఆ మాట అతని నోట వింటే చాలు.

"నాకేమన్నా చెప్పేది ఉండాదా నువ్వు?" అంది, మజ్జిగ పోస్తూ.

"ఏముంది చెప్పేకి?"

"గుడికి పోయే ముందర."

అతను ముద్ద తుంచి పులుసులో ముంచాడు. నోట్లో పెట్టుకోలేదు. "పురుషోత్తమన్న ఏం చెప్పమంటే అది చెప్పేసి, ఆర్పేసి రా. నువ్వు తప్పు చేయలేదు కదా. ఇంక భయమెందుకు నీకు?"

"నేను చేయలేదు."

"అంతే కదా మరి."

"నేను చేయలేదని నీకు తెలుసు కదా?"

చంద్రు తల ఎత్తాడు. వాళ్ళ కూతురు మీనా కళ్ళు అచ్చం అవే కళ్ళు. ఒక్క క్షణం అతను చెప్పేస్తాడనిపించింది. పెదవి కూడా కదిలింది. అంతలో దొడ్డమ్మ బయటి నుంచి కర్పూరం డబ్బీ ఎక్కడ పెట్టినారని కేక వేసింది.

"తెలుసులే," అన్నాడు. చేయి కడుక్కుని లేచిపోయాడు. విస్తట్లో ముద్ద అట్లాగే ఉంది.

*

గుడి చిన్నది. రోడ్డు పక్కనే. ఉద్దనపల్లి వైపు పోయే బస్సులు గుడి గంట వినిపించేంత దగ్గరగా వెళ్తుంటాయి. పురుషోత్తం అప్పటికే వచ్చి ఉన్నాడు. తెల్ల చొక్కా, భుజం మీద తువ్వాలు, కళ్ళ కింద నలుపు. ఆయన కూడా నిద్రపోయి చాలా రోజులైనట్టుంది.

"ఏమమ్మా, బాగుండావా?" అన్నాడు రేణును చూసి. ఆ పలకరింపులో కోపం లేకపోవడమే ఆమెకు ఎక్కువ బాధ కలిగించింది.

"బాగుండాను పెదనాయనా."

"నాకు నీ మీద పగ లేదమ్మా. కొడుకులతో రోజూ పోరాడతా ఉండా. ఆ ఇంటి పూలు ఇంక వద్దంటారు వాళ్ళు. ఆంజప్ప ఎట్లాంటి మనిషో నాకు తెలుసప్పా అని చెప్పి, నేనే ఈ దావ పట్టించినాను. నీ మాట అమ్మవారి ముందు ఒక్కసారి వింటే నాకు చాలు."

పూజారి ఇత్తడి పళ్ళెంలో కర్పూరం పెట్టాడు. చిన్న బిళ్ళ. దొడ్డమ్మ కళ్ళు మూసుకుని గొణుగుతోంది. శశికళ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళు మాత్రం రేణు మీద ఉంచింది. చంద్రు స్తంభం పక్కన, చెప్పులు విడిచిన చోటు చూస్తూ నిలబడ్డాడు.

"ఏమని చెప్పాల పెదనాయనా?"

"మా తాత కాలం నుంచి చెప్పేదే. ‘తెలిసి గానీ తెలియక గానీ, నా వల్ల గానీ నా ఇంటి మనిషి వల్ల గానీ ఈ కీడు జరగలేదు’ అని చెప్పి ఆర్పేయాల. మొగుడూ పెళ్ళాం ఒకటే లెక్క కాబట్టి ఇద్దరికీ కలిపి నువ్వు ఒక్కదానివి ఆర్పితే సరిపోతాది."

అగ్గిపుల్ల గీసిన చప్పుడైంది. మంట లేచింది.

తెలియక గానీ. నా ఇంటి మనిషి వల్ల గానీ.

రేణు చేయి చాపింది. వేళ్ళు పళ్ళెం మీదికి వచ్చి ఆగిపోయాయి. తన మాట మాత్రమే అయితే ఎప్పుడో ఆర్పేసి ఉండేది. ఇది తన మాట కాదు. బి.కాం. చదివిన మనిషి, యంత్రాలకు ముద్ర వేయడం నేర్చుకున్న మనిషి, ఇట్లాంటివి నమ్ముతుందా అని ఆమెనే అడిగితే ఏం చెప్పేదో. నమ్మకపోయినా, స్కూల్లో ఈ పాటికి ఇంటి బెల్లు కోసం ఎదురుచూస్తున్న మీనా ముఖం కళ్ళ ముందుకు వచ్చాక, ఆ మాట నోటికి రాలేదు.

"చెప్పమ్మా," అన్నాడు పురుషోత్తం మెల్లగా.

ఆమె చంద్రు వైపు చూసింది. గుడిలో అందరూ చూస్తుండగా, సిగ్గు విడిచి, నేరుగా చూసింది. ఇప్పుడైనా చెప్పు. ఆగండి, ఆమె కాదు, తలుపు తీసింది నేను అని ఒక్క మాట చెప్పు. లేదా నువ్వే వచ్చి ఆర్పు, ఆ ధైర్యమైనా చెయ్యి.

చంద్రు చెప్పులు చూస్తున్నాడు.

"ఏమే, చెప్పవేమే!" దొడ్డమ్మ కళ్ళు తెరిచింది. "కర్పూరం అయిపోతాండాదే!"

కర్పూరం ఎవరి కోసమూ ఆగదు. మంట కురచనైంది, నీలంగా మారింది, పళ్ళెం అంచున ఒకసారి తల ఎత్తి, దానంతట అదే ఆరిపోయింది. పొగ కూడా లేదు. నల్లటి మచ్చ ఒక్కటి మిగిలింది. రేణు చేయి ఇంకా గాల్లోనే ఉంది.

రోడ్డు మీద బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

పురుషోత్తం భుజం మీది తువ్వాలు తీసి మళ్ళీ భుజం మీదే వేసుకున్నాడు. "సరేప్పా ఆంజప్పా," అన్నాడు. "నేను వస్తా." ఇన్నేళ్ళ స్నేహంలో ఆయన ఈ ఊరికి వచ్చి ఆంజప్ప ఇంట్లో కాఫీ తాగకుండా వెళ్ళడం ఇదే మొదలు.

దొడ్డమ్మ మెట్టు మీద కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. "తమ్ముడి కోసరం చేసినాది... నా ఇల్లు ముంచేసినాది..." శశికళ ఆమె భుజం పట్టుకుంది. ఆ శశికళ కళ్ళలో కూడా ఇప్పుడు గెలిచిన సంతోషం లేదు, భయమే ఉంది. రేపటి నుంచి పూలు ఎవరు కొంటారు?

రేణు పళ్ళేనికి దణ్ణం పెట్టి బయటికి నడిచింది. లోపల ఏదో తెగిపోయింది, అది నొప్పి కూడా పెట్టడం లేదు.

*

చంద్రు ఆమె వెనకే వచ్చాడు. బండి స్టాండు తీసి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"ఎందుకు ఆర్పలేదు?"

"నువ్వు ఎందుకు ఆర్పలేదు?"

అతను తాళంచెవిని వేళ్ళ మధ్య తిప్పాడు. "నువ్వు మరిచిపోయి ఏదో సెట్టింగు మార్చినానని చెప్పెయ్యి రేణు. తెలియక చేసినానను. ఆడమనిషివి, ఏడ్చి చెబితే రెండు రోజులు తిట్టి ఊరుకుంటారు. నా వల్లనే అని తెలిస్తే మా నాయన ఇంక నా చేతికి తోట ఇయ్యడు. మీనా కోసరమైనా..."

రేణుకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. తాను అతనికి ఏమీ చెప్పలేదు. సెట్టింగు అనే మాట తన నోట రాలేదు.

"నాకు తెలుసని నీకెట్ల తెలుసు?"

చంద్రు తాళంచెవి తిప్పడం ఆపాడు.

"ప్రజ్వల్ చెప్పినాడా?"

"ఫోన్ చేసినాడు. పొద్దున, నువ్వు మాట్లాడినాక."

పొద్దున. అంటే మజ్జిగ పోసేటప్పుడు అతనికి తెలుసు. ‘చెప్పేది ఉండాదా’ అని అడిగినప్పుడు, ఆమె ఏమి తెలిసి అడుగుతోందో తెలుసు. అంతా తెలిసే, నీకు భయమెందుకు, ఆర్పేసి రా అన్నాడు. మీనా మీద అబద్ధపు కర్పూరం ఆర్పి రమ్మని పంపాడు. తప్పు చేసిన మొగుణ్ణి క్షమిద్దామని కాచుకున్న మనిషికి, క్షమించడానికి ఎదురుగా ఎవరూ లేకుండా పోయారు.

"సుమ్నే బండెక్కు," అన్నాడు చంద్రు. "అందరూ చూస్తా ఉండారు."

"ఎవరు ఫోన్ చేసినారప్పా పొద్దున?"

ఇద్దరూ తిరిగి చూశారు. ఆంజప్ప వాళ్ళ వెనకే నిలబడి ఉన్నాడు. చెప్పులు చేతిలో పట్టుకుని, ఉట్టి కాళ్ళతో వచ్చాడు, అందుకే అడుగు వినపడలేదు. ఆయన చూపు కొడుకు మీద లేదు, కోడలి మీద ఉంది.

"నీ తర్వాత ఆ దొడ్డి వాకిలికాడికి ఎవరు పోయినారమ్మా?"

చంద్రు రేణు వైపు చూశాడు. ఇంతసేపూ చెప్పుల వైపు చూసిన కళ్ళు ఇప్పుడు ఆమెనే చూస్తున్నాయి, బతిమాలుతున్నాయి. ఒక్క మాట కోసం.

రేణు కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. గుడి మెట్ల మీద అత్త ఏడుపు ఇంకా వినిపిస్తూనే ఉంది. అతను చెప్పాల్సిన నిజం తాను చెప్పడానికి ఇష్టం లేదు, అబద్ధం చెప్పడానికి ఇంక ఓపిక లేదు. ఈసారి ఆమె సుమ్నే ఉండిపోయింది.